స్థూలకాయ శస్త్రచికిత్స చరిత్ర

కృష్ణా జిల్లా అనగానే చాలమందికి కాలువలు, వరిచేలు మనసుకు వస్తాయి. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలు మాత్రం ఆ కాలువల సీమలోనివి కావు. మునేరు, పాలేరు పారే మెట్టనేల ఇది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై దిగువనున్న డెల్టా వరి పండించుకొంటూ ఉంటే, ఈ మెట్టలో జొన్న, సజ్జ, కంది, మిరప పండించుకొనేవారు. జొన్న సంకటి, జొన్నన్నం రోజువారీ తిండి. వరి అన్నం పండుగనాటి తిండి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన తరువాత ఎడమకాలువ నీరు కొంత ఈ వైపునకూ అందింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. రెండు తరాలు తిరిగేసరికి జొన్నకంచం వరికంచమయినది. ఎడ్లబండి పోయి మోటారుసైకిలు వచ్చింది. పొలందాకా నడిచే నడక పోయినది గాని, నడిచేవాడు తినే కొలత అట్లాగే ఉండిపోయింది.

ఈ ప్రాంతం 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరి ఉన్నది. హైదరాబాదు–విజయవాడ రహదారి ఈ రెండు ఊళ్ల మీదుగానే పోతుంది గనుక, వైద్యానికి ఇటువారు అటో ఇటో ఒక నగరానికి పోవడం వాడుక. అలా పోయినవారిలో కొందరు ఈమధ్య "బరువు తగ్గే ఆపరేషను" చేయించుకొని వస్తున్నారు. కడుపుకోత అనే మాటకు మన భాషలో వేరే అర్థం ఉన్నది కాబట్టి ఆ మాట వాడరు కాబోలు! ఈ ఆపరేషనును గురించి ఊళ్లో రెండు అభిప్రాయాలు వినవస్తాయి. నోరు కట్టుకోలేని డబ్బుగలవారి వేడుక అని ఒకటి. చేయించుకొన్నవాడు బతికి బట్టకట్టడని రెండవది. రెండింటికీ జవాబు ఆ శస్త్రచికిత్స పుట్టి పెరిగిన కథలోనే ఉన్నది.

లావు జబ్బు అన్న తలంపు కొత్తది కాదు. చరకసంహిత సూత్రస్థానంలో అష్టౌనిందితీయమనే అధ్యాయంలో అతిస్థూలుని లక్షణాలు, అతనికి రాగల కష్టాలు చెప్పబడి ఉన్నవి. పదవ శతాబ్దంలో స్పెయినులోని లియోన్ రాజ్యాన్ని ఏలిన సాంచో అనే రాజు గుఱ్ఱమెక్కలేనంతగా లావెక్కినందువల్ల సింహాసనమే పోగొట్టుకొన్నాడు. కార్డోవా నగరానికి పోయి అక్కడి ఆస్థానవైద్యుడు హస్దాయ్ ఇబ్న్ షప్రూత్ పెట్టిన కఠినపథ్యంతో చిక్కి, రాజ్యం తిరిగి సంపాదించుకొన్నాడు. మన జగ్గయ్యపేటకు దగ్గరలోనే ధనంబోడు గుట్టమీది బౌద్ధస్తూపంలో దొరికిన పాలరాతి ఫలకంపై ఒక చక్రవర్తి చేయి ఎత్తి నిలుచుండగా మేఘాలనుండి నాణేల వర్షం కురుస్తూ ఉంటుంది. జేమ్స్ బర్జెస్ 1887లో ప్రకటించిన గ్రంథంలో ఈ స్తూపాన్ని వర్ణించినాడు. ఫలకం ఇప్పుడు చెన్నై మ్యూజియములో ఉన్నది. ఆ చక్రవర్తి మాంధాత అని పండితులు గుర్తించినారు. జాతకకథలో మాంధాత స్వర్గంలో సగం ఏలి కూడ తృప్తి తీరక భూమిమీద పడిపోతాడు. తృప్తి అనేది మనసుకు సంబంధించినదని మాత్రమే ఆ కాలంవారు తలచినారు. దానికి జీర్ణాశయంలో పుట్టే ఒక రసాయనంతో కూడ పొత్తు ఉన్నదని తెలియడానికి ఇరవయ్యవ శతాబ్దం చివరిదాకా ఆగవలసి వచ్చింది.

ఉదరాన్ని కోసి లోపల పనిచేయడం చాలకాలం వైద్యులకు భయపడవలసిన విషయంగానే ఉండినది. సుశ్రుతుడు చిల్లుపడిన ప్రేగును నల్లచీమలచేత కరిపించి, వాటి తలలు అక్కడే ఉంచి మూయమని చెప్పినాడు. అంత ధైర్యం ఆ తరువాత వేయేండ్లపాటు ఎక్కడా అంతగా కనబడదు. రెండు అడ్డంకులు తొలగితే గాని ఈ పని సాగదు: నొప్పి ఒకటి, చీము ఒకటి. 1846లో బోస్టనులో ఈథరు మత్తు ఇచ్చి చూపినారు. మరుసటి ఏడు క్లోరోఫారము వచ్చింది. 1867లో లిస్టరు కార్బాలిక్ ఆమ్లంతో పుండ్లను శుభ్రపరచే పద్ధతిని ప్రకటించినాడు.

ఈ మత్తుమందుల కథలో హైదరాబాదుకు గొప్ప స్థానం ఉన్నది. అది మన పాఠ్యపుస్తకాలలో ఉండవలసినంతగా లేదు. క్లోరోఫారముతో చనిపోయేవారు గుండె ఆగి చనిపోతారా, ఊపిరి ఆగి చనిపోతారా అన్న వివాదం తీర్చడానికి హైదరాబాదు రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక సంఘాన్ని, 1889లో మరొక సంఘాన్ని నడిపినాడు. రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటన్ వచ్చినాడు. ఖర్చు నిజాముది. వందలాది కుక్కలమీద పరీక్షలు జరిపి, ముందు ఆగేది ఊపిరే, కాబట్టి నాడిని గాక శ్వాసను కనిపెట్టి ఉండవలెనని వారు తేల్చినారు. గుండె సంగతి వారు అనుకొన్నంత నిరపాయం కాదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించినాడు. అయినా శ్వాసమీద కన్ను వేసి ఉంచడం అనే వారి హెచ్చరిక స్థూలకాయుల విషయంలో ఈనాటికీ అక్షరాలా చెల్లుతుంది. మెడ లావుగా ఉండి, వెల్లకిల పడుకోగానే ఊపిరి అడ్డుకొనే మనిషికి మత్తు ఇవ్వడం కోత కోయడంకంటె కష్టమైన పని. ఆ రోజులలో హైదరాబాదులో క్లోరోఫారము ఇవ్వడంలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా నేడు గుర్తిస్తున్నారు.

ఇక జీర్ణాశయం. 1879లో పారిసులో పేయన్, 1880లో పోలెండువాడైన రిడిగీర్ జీర్ణాశయంలో కంతి ఉన్న భాగాన్ని కోసి తీసివేసినారు. ఇద్దరి రోగులూ దక్కలేదు. 1881 జనవరి 29న వియెన్నాలో థియొడోర్ బిల్‌రోత్ 43 ఏండ్ల స్త్రీకి అదే పని చేసి, మిగిలిన జీర్ణాశయాన్ని చిన్నప్రేగుకు కలిపి కుట్టినాడు. ఆమె కోలుకొని ఇంటికి పోయింది. పాత కంతి వ్యాపించి కొన్ని నెలలకు మరణించినా, కుట్టు మాత్రం చెక్కుచెదరలేదు. 1897లో జూరిక్ నగరంలో ష్లాటర్ జీర్ణాశయాన్ని పూర్తిగా తీసివేయగా రోగి ఏడాదికి పైగా జీవించినది. ఆ కాలంలోనే లోసాన్‌లో సేజార్ రూ అనే శస్త్రవైద్యుడు ప్రేగును ఆంగ్లాక్షరం వై ఆకారంలో కలిపే కుట్టును రూపొందించినాడు. జీర్ణాశయం లేకుండా మనిషి బతకగలడా? బతకగలడు. అది తిండిని నిలవ ఉంచి, నలిపి, కొంచెం కొంచెంగా కిందికి వదిలే కొట్టు వంటిది; పోషకాలను పీల్చుకొనే పని చాలవరకు చిన్నప్రేగుది. విద్యార్థులు ఈ భేదాన్ని బాగా గుర్తుంచుకొంటే తరువాతి కథంతా సులభంగా బోధపడుతుంది.

ఇవన్నీ కంతులకు, పుండ్లకు చేసిన చికిత్సలు. బరువు తగ్గించడానికి ప్రేగులమీద కత్తి పెట్టడం 1950 తరువాతి మాట. మినెసోటా విశ్వవిద్యాలయంలో క్రేమెన్, లిన్నర్, నెల్సన్ కుక్కలలో చిన్నప్రేగు ఏ భాగం ఏ పోషకాన్ని పీల్చుకొంటుందో పరీక్షిస్తూ, ఒక మనిషిలో చిన్నప్రేగు మొదటి భాగాన్ని తెచ్చి చివరి భాగానికి కలిపి, మధ్యభాగాన్ని పనిలేకుండా వదలివేసిన సంగతి 1954లో ప్రకటించినారు. తిన్నది తిన్నట్టే దాటిపోతుంది, బరువు తగ్గుతుంది. లాస్ ఏంజిలిస్‌లో పేన్, డివిండ్ ఈ మార్గంలో ఇంకా ముందుకు పోయి, 1969 నాటికి మొదటి ప్రేగులో 35 సెంటీమీటర్లు, చివరి ప్రేగులో 10 సెంటీమీటర్లు మాత్రమే వాడుకలో ఉండేటట్లు ఒక కొలత స్థిరపరచినారు. ఆరేడు మీటర్ల ప్రేగు ఉన్న మనిషికి మూర ప్రేగు మిగిలినదన్నమాట!

బరువు తగ్గిన మాట నిజమే. కాని కొన్నేండ్లకు అసలు లెక్క బయటపడింది. విడువని విరేచనాలు, మూత్రపిండాలలో రాళ్లు, కీళ్లవాపు, కొందరికి కాలేయం చెడిపోయి మరణం. 1980 ప్రాంతానికి ఈ ఆపరేషనును దాదాపు మానివేసినారు. చేసినవారిలో చాలమందికి మళ్లీ కోసి ప్రేగును యథాస్థానానికి కలపవలసి వచ్చింది. మన ఊళ్లలో వినబడే రెండవ అభిప్రాయానికి మూలం ఇక్కడ ఉన్నదని నా ఊహ. ఒక ఆపరేషనుకు వచ్చిన చెడ్డపేరు దాని తరువాత పుట్టినవాటన్నిటికీ అంటుకొన్నది.

అయోవా విశ్వవిద్యాలయపు ఎడ్వర్డ్ మేసన్ వేరొక దారి పట్టినాడు. కడుపు పుండుకు జీర్ణాశయంలో చాల భాగం తీసివేసిన రోగులు చిక్కిపోయి, మళ్లీ బరువెక్కలేకపోవడం శస్త్రవైద్యులందరికీ తెలిసినదే. అది ఆ చికిత్సలోని దోషంగా భావించేవారు. స్థూలకాయునికి ఆ దోషమే మందు కాకూడదా అని మేసన్ ఆలోచించినాడు. చికాషి ఇటోతో కలిసి 1966లో జీర్ణాశయాన్ని అడ్డంగా విభజించి, పైనున్న చిన్న సంచికి ప్రేగును కలిపినాడు, 1967లో ప్రకటించినాడు. ప్రేగు పొడవు దాదాపు పోలేదు; తినే కొలత మాత్రం తగ్గింది. 1977లో గ్రిఫెన్ దీనికి రూ కుట్టును జోడించినాడు. మేసన్ తన జీవితమంతా ఆపరేషను అయినవారి వివరాలు ఏండ్ల తరబడి సేకరించి లెక్కగట్టవలెనని పోరాడినాడు. నా దృష్టిలో అతని ఆపరేషనుకంటె ఈ పట్టుదలే గొప్పది. అతడు నూరేండ్లు నిండిన తరువాత 2020లో మరణించినాడు.

పని సులభం కావడానికి పనిముట్లు కావలె. 1908లో బుడాపెస్టులో హుల్ట్ల్ అనే శస్త్రవైద్యుడు సన్నని తీగముక్కలతో జీర్ణాశయాన్ని కుట్టే యంత్రాన్ని వాడినాడు. అది మూడున్నర కిలోల బరువు! రష్యనులు దానిని తేలికచేసినారు. 1958లో అమెరికను శస్త్రవైద్యుడు మార్క్ రావిచ్ కీవ్ నగరంలో ఈ యంత్రాలు పనిచేయడం చూచి, లెనిన్‌గ్రాడులో ఒకటి కొని తన దేశానికి తీసుకొనిపోయినాడు. కాగితాలు కుట్టే పిన్నుల యంత్రం వంటిదే ఇదీ, వరుసలు వరుసలుగా కుట్టి నడుమ కోస్తుంది. పొట్ట తెరవకుండా చిన్న రంధ్రాలగుండా చూచి పనిచేసే లాపరోస్కోపు పద్ధతిలో విట్‌గ్రోవ్, క్లార్క్ 1994లో మేసన్ ఆపరేషనును చేసి చూపినారు.

ఇప్పుడు లోకంలో అన్నిటికంటె ఎక్కువగా జరిగే ఆపరేషను పుట్టుక విచిత్రమైనది. జీర్ణాశయాన్ని నిలువునా కోసి, ఎడమవైపు ఉబ్బిన భాగాన్ని తీసివేసి, చొక్కాచేయి వంటి సన్నని గొట్టాన్ని మిగల్చడమే ఇది. ఇది మొదట వేరొక పెద్ద ఆపరేషనులో సగం మాత్రమే. 1988లో అమెరికాలో హెస్ దానిని ఆరంభించినాడు. అతిస్థూలులు ఒకేసారి అంత పెద్ద ఆపరేషనుకు తట్టుకోలేరని, 2000 తరువాత రెండు దఫాలుగా చేయడం మొదలుపెట్టినారు. మొదటి సగం చేయించుకొని పోయినవారు కొన్ని నెలలకు రెండవ సగానికి వచ్చేసరికి చాల బరువు తగ్గి ఉన్నారు. రెండవది కొందరికి అవసరమే లేకపోయింది. సగం పనే పూర్తి పని అయి కూర్చున్నది.

దీనికి కారణం సంచి చిన్నదైపోవడం ఒక్కటే కాదు. 1999లో జపానులో కోజిమా, కంగావా ఘ్రెలిన్ అనే హార్మోనును కనిపెట్టినారు. ఇది ఆకలిని మెదడుకు తెలిపే వార్తాహరి. ఎక్కువగా పుట్టేది జీర్ణాశయపు పైభాగంలోనే. ఆ భాగం పోగానే ఘ్రెలిన్ తగ్గుతుంది. పథ్యంతో చిక్కిన మనిషిలో మాత్రం ఘ్రెలిన్ పెరుగుతుంది. శరీరం పోయిన బరువును తిరిగి అడుగుతుందన్నమాట. నోరు కట్టుకోలేనివాడని నిందించేముందు ఈ సంగతి తెలుసుకోవలె. మరొక వింత మధుమేహం. 1995లో అమెరికాలో పోరీస్, అతని సహచరులు ప్రకటించిన లెక్కలో మధుమేహం ఉన్న 146 మందిలో 121 మందికి ఆపరేషను తరువాత రక్తంలో చక్కెర మామూలు స్థితికి వచ్చి నిలిచింది. అదీ బరువు తగ్గకముందే, రోజులలోనే మొదలయినది.

ఎవరికి ఈ ఆపరేషను? బరువును కిలోలలో తీసుకొని, ఎత్తును మీటర్లలో వర్గంచేసి భాగించగా వచ్చే అంకెను బట్టి నిర్ణయిస్తారు. బెల్జియము గణితవేత్త కెట్లే 19వ శతాబ్దంలో చూపిన సూత్రమిది. 1991లో అమెరికాలో ఈ అంకె 40 దాటినవారికి, జబ్బులుంటే 35 దాటినవారికి అన్నారు. ఈ కొలత మనకు సరిపడదు. 2004లో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండను వైద్యుడు యుడ్కిన్ తమ ఇద్దరి చిత్రం పక్కపక్కన వేసి ప్రకటించినారు. ఇద్దరి అంకె 22.3; కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! కాబట్టి ఆసియావారికి 27.5 నుండే ఆలోచించవచ్చునని 2022లో అంతర్జాతీయ సంఘాలు చెప్పినాయి. ఇక ప్రాణభయం సంగతి. స్వీడనులో 1987లో మొదలుపెట్టి, ఆపరేషను అయిన 2010 మందిని, కాని 2037 మందిని సగటున పదకొండేండ్లు కనిపెట్టి చూడగా, మొదటి వర్గంలో 101 మంది, రెండవ వర్గంలో 129 మంది మరణించినట్లు 2007లో తేలింది. ఆపరేషను ప్రమాదం లేనిదని కాదు. చేయించుకోకుండా ఉండడం కూడ ప్రమాదమేనని అర్థం.

ఈ వ్యాసకర్త నందిగామలో పాఠాలు చెప్పుకొనేవాడు. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు. 112ను 2.72తో భాగిస్తే 41. పన్నెండేండ్ల మధుమేహం. విజయవాడలో నిలువుకోత ఆపరేషను జరిగింది. అయిదు చిన్న గాట్లు. సాయంత్రమే లేపి వరండాలో నడిపించినారు. భుజంలో నొప్పి వస్తే గుండె అనుకొని భయపడినాను. పొట్టలో నింపిన వాయువు వల్ల అట్లా వస్తుందని నర్సు చెప్పినది. మరునాడు మూతతో కొలిచి నీళ్లు. రెండు వారాలు పలచని మజ్జిగ, వడగట్టిన చారు, పెసరకట్టు. తరువాత రెండు వారాలు మెత్తగా చిదిపినవి. నెల దాటినాక గుడ్డు, పప్పు, పిడికెడు అన్నం. ముందు మాంసకృత్తులు, చివరకు అన్నం. అన్నంతోపాటు నీళ్లు తాగరాదు. భోజనానికి అరగంట పట్టేది. ఒక ముద్ద తొందరపడితే ఛాతీలో రాయి పడినట్లుండి వెనక్కు వచ్చేది. నాలుగవ నెలలో జుట్టు దువ్వెనకు వచ్చింది, మళ్లీ మొలిచింది. ఏడాదిన్నరకు 81 కిలోలు. మధుమేహపు మాత్రలు మూడు ఉండగా ఒకటి మిగిలింది.

కష్టమైనది ఇది కాదు. మనదేశంలో ప్రేమను కొలిచేది గరిటెతో. జగ్గయ్యపేటలో ఒక పెండ్లిపంక్తిలో వడ్డించే పెద్దావిడ, "ఏం మాస్టారూ, మా వంట మీ నోటికి రాలేదా? ఇంకొక్క గరిటె" అని ఆకుమీద చేయి పెట్టనీయలేదు. "మీరు పెట్టింది చాలమ్మా, కడుపు నిండింది" అన్నా నమ్మలేదు. నిజంగా నిండింది. నలభై ఏండ్లలో ఆ మాట నిజంగా అన్నది ఆ ఏడే.

బరువు తగ్గడం ఏడాదిన్నర పని. విటమినుల పని జీవితకాలం. ఇక్కడ మళ్లీ మన ప్రాంతపు చరిత్రే ఎదురవుతుంది. ఆపరేషను తరువాత వాంతులు విడువకపోతే శరీరంలోని థయమిన్, అనగా బి1 విటమిను, రెండు మూడు వారాలలో తరిగిపోతుంది. కాళ్లు తిమ్మిరెక్కి, చూపు చెదరి, మతి తప్పుతుంది. ఈ రోగం పేరు బెరిబెరి. ఉత్తర సర్కారులకు ఇది పాత శత్రువు. మద్రాసు సైన్యవైద్యుడు మాల్కమ్‌సన్ 1835లో వ్రాసిన గ్రంథంలో ఎక్కువ భాగం సర్కారులలోని సిపాయిల బెరిబెరిని గురించినదే. విటమిను అనే మాట అప్పటికి పుట్టనే లేదు. 1918లో కూనూరులో మెక్కారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి విచారణే పెరిగి పోషకాహార పరిశోధనశాల అయి, 1958లో హైదరాబాదుకు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. 1930 తరువాత అక్కడి అయ్‌క్రాయిడ్ ఈ చిక్కు విప్పినాడు: ఉప్పుడుబియ్యం తినేచోట్ల బెరిబెరి లేదు, మరపట్టిన పచ్చిబియ్యం తినే సర్కారు జిల్లాలలోనే ఉన్నది. తవుడుతో థయమిన్ పోతున్నది. జొన్న తినే మెట్టవారికి ఆ బాధ లేదు. కాని జొన్నకు దాని చిక్కు దానిదే. జొన్న మాత్రమే తినే పేదలకు పెల్లాగ్రా వస్తుందని 1960లో హైదరాబాదునుండి గోపాలన్, శ్రీకంఠయ్య ప్రకటించినారు. ఏ ఒక్క ధాన్యమూ మనిషిని పూర్తిగా పోషించదు. పిడికెడే తినేవాడిని అసలే పోషించదు. అందుచేతనే వాంతులతో వచ్చిన ఆపరేషను రోగికి గ్లూకోజు ఎక్కించేముందు థయమిన్ ఇస్తారు.

రెండవది ఫోలిక్ ఆమ్లం. దీని కథ భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిది. సంగ్రహణి, అనగా తిన్నది ఒంటబట్టని స్ప్రూ వ్యాధి, ఆయన సోదరులిద్దరిని కొద్దిరోజుల తేడాలో కబళించినది. ఆయనకూ వచ్చింది, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బతికినారు. తరువాత అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో ఆయన నాయకత్వాన 1945లో ఫోలిక్ ఆమ్లం తయారయినది; స్ప్రూ రోగుల రక్తహీనతకు అది పనిచేసింది. ప్రేగు పీల్చుకోలేకపోవడమే స్ప్రూ. ఆపరేషను చేసిన ప్రేగుకు వచ్చేదీ కొంతవరకు అదే కొరత.

మూడవది బి12. జీర్ణాశయపు గోడలో పుట్టే ఒక పదార్థం తోడు ఉంటేనే ఇది ప్రేగులో ఇంకుతుంది. జీర్ణాశయంలో ముప్పాతిక భాగం తీసివేసినా, ప్రక్కకు తప్పించినా ఈ తోడు తగ్గిపోతుంది. కాలేయంలో నిలవ ఉండడంచేత లోపం రెండు మూడేండ్లదాకా పైకి కనబడదు. బాగానే ఉన్నామని మాత్రలు మానేసినవారు ఇక్కడే దెబ్బతింటారు. ఏడాదికొకసారి రక్తపరీక్ష తప్పనిసరి. కాలేయపు సారంలో రక్తహీనతను మాన్పే ఈ పదార్థంకోసం సుబ్బారావుగారు కూడ చాల ఏండ్లు వెదకినారు. ఎర్రని స్ఫటికాలుగా దానిని ఇతరులు వేరుచేసినది 1948లో. ఆ సంవత్సరం ఆగస్టులోనే ఆయన న్యూయార్కులో మరణించినారు. ఇప్పుడు అది మాత్రగానూ, సూదిమందుగానూ నందిగామ మందుల దుకాణాలలో దొరుకుతున్నది.